వ్రేళ్లు చదువుకొను గ్రంథములు

1902వ సంవత్సరమున అమెరికా దేశమందలి షికాగో నగరములో, గ్రంథకర్త తన సొంత ఖర్చుతో అచ్చు వేయించుకొనిన ఒక చిన్న పుస్తకము రెండు డాలర్ల వెలకు విక్రయమునకు వచ్చెను. రచయిత పేరు ఎస్. డబ్ల్యు. ఎర్డ్నేస్ అని దానిపై ముద్రింపబడి యుండెను గాని, ఆ పేరు మాటున దాగిన మనుష్యుడు ఎవడో, ఎచ్చటివాడో, ఏ వృత్తిచే జీవించినవాడో నాటినుండి నేటివరకు నిస్సంశయముగా తేల్చినవారు లేరు. జూదగాండ్రు పేకముక్కలతో చేయు మోసములను పూర్వభాగమునను, సభాసదుల వినోదార్థము చేయదగిన ఇంద్రజాలమును ఉత్తరభాగమునను, 101 రేఖాచిత్రముల సహాయముతో బోధించిన ఆ ‘ది ఎక్స్‌పర్ట్ ఎట్ ది కార్డ్ టేబుల్’ నూరేండ్లు దాటినను అంగళ్లలో దొరకుచునే యున్నది. పేకవిద్య నేర్చుకొనువారిలో దానిని చదువనివారు అరుదు. చదివి ముగించితిమని చెప్పుకొనగలవారు అంతకన్నను అరుదు.

రహస్యమును వెల్లడించు పుస్తకమునకు సామాన్యముగా ఆయువు స్వల్పము. తెలియగోరినది తెలిసిన పిమ్మట దానితో పనియేమి? అయినను హస్తలాఘవమును నేర్పు గ్రంథములలో ఉత్తమములైనవి తరములు గడచినకొలదియు మరింత ఆదరమునకు పాత్రములగుచున్నవి. ఇందులకు కారణము నాకు తోచినంతవరకు ఇది: ఆ విద్యలోని రహస్యము ఒక్క వాక్యమున చెప్పివేయదగినంత చిన్నది, దానిని చేతికి పట్టించుటకు కావలసిన వర్ణనము మాత్రము అపారమైనది. ముక్క అరచేతిలో దాగియున్నదని తెలిసికొనుట నిమిషము పని. దానిని దాచిన చేయి ఏమియు దాచని చేతివలె కనబడవలెనన్నచో చిటికెనవ్రేలు ఎంత వంగవలెనో, మణికట్టు ఏ వైపునకు వాలవలెనో, అదే క్షణమున కన్నులు ఎచ్చట నుండవలెనో తెలిసికొనుట సంవత్సరముల పని. ఈ రెండవ విషయమును మాటలలో పెట్టగలిగిన రచయితలు కొద్దిమంది. నేను ఏండ్ల తరబడి మరల మరల తిరుగవేయు పుస్తకములు వారివే.

మన వాఙ్మయమున ఐంద్రజాలికులకు కొదువ లేదు. వాత్స్యాయనుడు కళల నెన్నుచు ఐంద్రజాలమును, హస్తలాఘవమును వేర్వేరుగా పేర్కొనెను. దశకుమారచరితము పూర్వపీఠికలో ఒక ఐంద్రజాలికుడు రాజు సమక్షమున ప్రదర్శనము నెపముగా రాజకుమారికి ఆమె వలచిన వానితో నిజముగనే వివాహము జరిపించును. కాని ఇట్టి చోట్ల మనకు విద్యయొక్క ఫలము కనబడునే గాని, విద్య చేయు విధము కనబడదు. అది తండ్రినుండి కొడుకునకు, గురువునుండి శిష్యునకు చేతిమీదుగా సంక్రమించినది. ఊరూర డోలు వాయించి గారడీ చేసినవారి సంచులలో గ్రంథములు లేవు.

చేయు విధమును కాగితముపై పెట్టినవారిలో ప్రథమగణ్యుడు ఇంగ్లండులోని కెంట్ సీమకు చెందిన రెజినాల్డ్ స్కాట్ అను గృహస్థుడు. ఆయన వృత్తిరీత్యా గారడీవాడు కాడు. 1574లో హాప్ తీగెల సాగును గూర్చి రైతులకు ఉపయోగపడు పుస్తకము వ్రాసెను. పదేండ్ల తరువాత, 1584లో, ‘డిస్కవరీ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్’ ప్రకటించెను. నిరుపేదలైన ముదుసలి స్త్రీలను మంత్రగత్తెలని నిందించి ఉరితీయుచున్న ఆ కాలమున, దయ్యముల పనియని జనులు భయపడు వింతలలో అనేకము కేవలము చేతివాటమేనని నిరూపింప బూని, బంతులు, నాణెములు, పేకముక్కలతో చేయు చమత్కారములను, తెగిన తల మాటలాడునట్లు చూపు యుక్తిని సహితము ఆయన విశదముగా వ్రాసెను. వానిపై బ్రతుకు బీదవారి జీవనమునకు తన వ్రాతవలన హాని కలుగునేమోయని నొచ్చుకొనెను కూడ. హస్తలాఘవమును బోధించు ఆంగ్లగ్రంథపరంపర ఇట్లు ధనార్జన కొరకు గాక, జీవకారుణ్యముతో ఆరంభమగుట నాకు ఎంతయు ఆదరణీయముగా తోచును. తీగెలకు పాదు చేయు విధమును, బంతిని వ్రేళ్ల సందున దాచు విధమును ఒకే నిదానముతో చెప్పిన ఆ రైతుబంధువును ఈ విద్య నెరిగినవారు నేటికిని గౌరవముతో స్మరింతురు.

ఆ తరువాతి రెండు శతాబ్దములలో వెలువడిన చిన్న పుస్తకములను గూర్చి చెప్పవలసినది అంతగా లేదు. ఒకరినుండి ఒకరు ఎత్తి వ్రాసికొనినవే హెచ్చు. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు గడియారముల పనివాడు రాబర్ట్ హూడిన్ ఈ దారిని మలుపు త్రిప్పెను. యౌవనమున గడియారముల నిర్మాణమును గూర్చిన గ్రంథము కొనబోగా, అంగడివాడు పొరబాటున వినోదవిద్యల సంపుటములను కట్టి యిచ్చెననియు, రాత్రి ఇంట దీపము ముందు వానిని విప్పి చూచి తాను ముగ్ధుడైపోతిననియు ఆయన తన స్వీయచరిత్రలో చెప్పుకొనినాడు. నాలుగు బంతులను గాలిలో ఎగురవేయుచు, అదే సమయమున ముందు తెరచియున్న పుస్తకమును చదువుట అభ్యసించినవాడు ఆయన. 1861లో జూదగాండ్ర మోసములను బట్టబయలు చేయు గ్రంథమును, 1868లో హస్తలాఘవ రహస్యములను శాస్త్రీయముగా వివరించు గ్రంథమును వెలువరించెను. ఆ రెండవదానిని ఆంగ్లమునకు తెచ్చినది ప్రొఫెసర్ హాఫ్‌మన్ అను మారుపేరుతో వ్రాసిన లండను న్యాయవాది ఆంజెలో లూయిస్. 1876లో అచ్చయిన ఆయన సొంత గ్రంథము ‘మోడరన్ మాజిక్’ వేలకొలది బాలురను ఈ విద్యకు త్రిప్పినది. న్యాయవాదికి సహజమైన క్రమము, సందేహములకు ముందుగనే సమాధానము చెప్పు అలవాటు ఆ వచనమున కానవచ్చును.

అయినను వీరందరు రంగస్థలమున నిలిచి చూపువాని దృష్టితో వ్రాసినవారు. ఎర్డ్నేస్ దృష్టి వేరు. అతడు బల్లకు ఆవల కూర్చున్న నలుగురు అనుమానపరుల కన్నులను ఎరిగినవాడు. దొరకిపోయినచో చప్పట్లకు బదులు పిస్తోలు గుండు దక్కు లోకమున మెలగినవాడు. తనకు డబ్బు అవసరమై ఈ పుస్తకము వ్రాయుచున్నానని ముందుమాటలోనే సంకోచము లేక ఒప్పుకొనెను. నీతులు చెప్పలేదు, పశ్చాత్తాపము ప్రకటింపలేదు. 1946లో మార్టిన్ గార్డ్నర్ అను ఇంద్రజాలప్రియుడైన రచయిత, ఆ చిత్రములను గీసిన ఎం. డి. స్మిత్ ఇంకను జీవించియున్నట్లు కనుగొని పలుకరించెను. నలువది ఏండ్లు దాటినను ఆ చిత్రకారునకు చలికాలమున షికాగోలోని ఒక హోటలు గది, అందొక పొట్టి మనిషి, అతని మెత్తని చేతులు జ్ఞాపకమున్నవి. మారుపేరును తిరుగవేసి చదివినచో ఇ. ఎస్. ఆండ్రూస్ అగును, ఆ అక్షరములనే వేరొక వరుసలో కూర్చినచో శాండర్స్ అను ఒక గనుల ఇంజనీరు పేరు వచ్చును. దీనిపై పుస్తకములే వెలసినవి. ఆ అన్వేషణము మనోహరమైనదే గాని, నా మట్టుకు నాకు ఆ మనిషి కన్న అతని వాక్యములే ఎక్కువ ఆశ్చర్యమును కలిగించును.

ఒక్క ఉదాహరణము. ప్రేక్షకుడు ఎంచుకొనిన ఇస్పేటు రాణి పేకకు పైముక్కగా నున్నదనుకొందము. పేకను కలిపినను అది పైననే యుండవలెను. పేక ఎడమచేత నున్నది. కుడిచేయి క్రింది సగమును లాగికొని, దానినుండి మొదటి ముక్క నొక్కదానిని ఎడమచేతిలోని సగముపై, తక్కినవానికన్న ఒక పిసరు మాత్రము తన శరీరమువైపు పొడుచుకొనివచ్చునట్లు జారవిడుచును. మిగిలిన ముక్కలన్నియు మామూలుగా కలుపుచు దానిపై పడవేయును. అవి కొంచెము అటునిటు పడిన మరియు మేలు, ఏలయన పొడుచుకొనివచ్చిన ముక్క ఆ అస్తవ్యస్తములో కలిసిపోవును. పిమ్మట కుడి బొటనవ్రేలు ఆ ముక్కను వెనుకనుండి తాకి రవ్వంత పైకి నెట్టి, దాని దిగువనున్న భాగమంతయు ఒక్కపెట్టున తీసి మీద వేయును. రాణి మరల పైకి వచ్చినది. చెప్పుటకు ఇంతయే. కాని ఈ పద్ధతిని ఎర్డ్నేస్ వివరించు తీరు చూడుడు: ఏ వ్రేలు ఏ అంచున నుండవలెనో చెప్పును, చేతుల వేగము మొదటినుండి తుదివరకు మారరాదని చెప్పును, నిజముగా కలుపునపుడు ఎట్లుందువో దొంగగా కలుపునపుడును అట్లే యుండుమని శాసించును. తన నేర్పును చూపుకొనవలెనను కోరిక ఈ వృత్తిలోనివానికి ప్రాణాంతకమనియు, చూచువారికి వీనికి పేక కలుపుటయైనను సరిగా రాదేమోయని తోచుట మేలనియు అతని అభిప్రాయము. ఆ వచనమున ఒక్క పదము తీసివేసినను వ్రేలు దారి తప్పును.

ఆ గ్రంథమునకు తగిన పాఠకుడు కెనడాలోని ఒట్టావా నగరమున 1894లో పుట్టెను. డై వెర్నన్ బాల్యముననే దానిని చేతబట్టి, తొంబది యెనిమిదేండ్ల పండు వయస్సున 1992లో మరణించు వరకును దానినుండి క్రొత్త విషయములు తీసి శిష్యులకు చెప్పుచునే యుండెను. న్యూయార్కులో నల్లకాగితముపై మనుష్యుల పార్శ్వరూపములను కత్తెరతో కత్తిరించి యిచ్చి పొట్ట పోసికొనినవాడు. ఏ గారడీనైనను మూడుసార్లు చూపినచో గుట్టు పట్టుదునని ప్రగల్భములు పలికిన ప్రఖ్యాత ఐంద్రజాలికుడు హూడినీని 1922లో ఒకే ముక్కను మాటిమాటికి పైకి రప్పించి ఓడించినవాడు. అయినను అతని కీర్తికి మూలము అట్టి విజయములు కావు, చదువుటయే. ఎర్డ్నేస్ గ్రంథముపై అతని వ్యాఖ్యానములు 1984లో ‘రెవెలేషన్స్’ అను పేర ప్రకటితమైనవి. మూలమున ఇది తేలిక అని అలవోకగా అన్న చోట వెర్నన్ ఆగి, ఎందుకు తేలిక కాదో చెప్పును. చిత్రమున బొటనవ్రేలు కొంచెము తప్పుగా నున్న చోట సరిదిద్దును. మన పండితులు కావ్యములకు వ్రాసిన వ్యాఖ్యానములపై మక్కువగల పాఠకునకు ఆ పుస్తకము తప్పక నచ్చును.

గ్రంథములో లేనిదానిని వెదకి పోయినవాడును వెర్ననే. మోసగాడు తనకు కావలసిన ముక్కలను పేక అడుగున చేర్చి, పంచునపుడు అడుగునుండి తీయగలడు. కాని ఎదుటివాడు పేకను కోసినంతనే అడుగు ముక్కలు నడుమకు పోవును. ఆ కోతను కూడ లెక్కచేయక, నడుమనుండియే ముక్కను లాగి పంచగల వాడొకడున్నాడని విచిటా చెరసాలలోని ఖైదీ నోట విని, వెర్నన్ నెలల తరబడి గాలించి, 1932లో మిస్సోరీ రాష్ట్రపు ప్లెజంట్ హిల్ అను చిన్న ఊర అలెన్ కెన్నెడీ అనువానిని కనుగొని, ఆ విద్యను కన్నులార చూచి నేర్చుకొని వచ్చెను. ఎంతటి గ్రంథమైనను అది వ్రాసినవాని అనుభవము మేరకే పోగలదని ఈ వృత్తాంతము తెలుపుచున్నది; అయినను ఆ నడిమి పంపకము విలువ ఎంతో వెర్ననునకు తెలిసినది, అడుగు పంపకమును అంత శ్రద్ధగా పుస్తకమునుండి నేర్చుకొనుటచేతనే గదా!

ఇచ్చట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. మన ఇండ్లలో పేక యనగానే పెద్దలు ముఖము చిట్లింతురు. అందులకు కారణము లేకపోలేదు. మూడుముక్కలాటలో పొలము పోగొట్టుకొనిన కుటుంబములు ప్రతి జిల్లాలోను కలవు. అట్టి చోట మోసముల నేర్పు పుస్తకమును మెచ్చుకొనుట తగునా? తగుననియే నేను నమ్ముచున్నాను. పేక కలుపుచున్నట్లు నటించి ఒక్క ముక్కయు స్థానము మారకుండ చేయుట ఎంత సాధ్యమో, అడుగుముక్కను పైముక్కగా పంచుట ఎంత నిశ్శబ్దముగా జరుగునో తెలిసినవాడు అపరిచితులతో డబ్బుపెట్టి ఆడుటకు ఎన్నడును కూర్చుండడు. మా నాయన పది హితవులు చెప్పియు సాధింపలేనిది ఎర్డ్నేస్ గ్రంథములోని పంపకముల ప్రకరణము నా విషయమున సాధించినది.

ఇక క్రొత్తగా ఆరంభించువాని సంగతి. వానికి ఎర్డ్నేస్ పనికిరాడు. అతని వాక్యములు అప్పటికే చేయి తిరిగినవాని కొరకు వ్రాసినవి. వానికి తగినది జీన్ హ్యూగార్డ్, ఫ్రెడరిక్ బ్రావే అను ఇద్దరు కలిసి వ్రాయగా 1948లో వెలువడిన ‘ది రాయల్ రోడ్ టు కార్డ్ మాజిక్’. హ్యూగార్డ్ ఆస్ట్రేలియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ప్రదర్శకుడు. తుదిదశలో చూపు కోల్పోయినను ఈ విద్యకు సంబంధించిన మాసపత్రికను నడుపుట మానలేదు. ఈ గ్రంథమున ఒక్కొక్క అధ్యాయము ఒక్కొక్క హస్తక్రియను నేర్పి, వెంటనే దానితో మాత్రమే చేయదగిన కొన్ని చమత్కారములను ఇచ్చును. కలుపుటతో మొదలై, అరచేత దాచుట, రెండు ముక్కలను ఒకటిగా చూపుట, కోసిన పేకను కనబడకుండ యథాస్థితికి తెచ్చుట మున్నగు కఠినక్రియలకు మెల్లగా పోవును. నేర్చుకొనువాడు మొదటి వారముననే ఇంటివారిని అబ్బురపరచగలడు. ఆ ఉత్సాహము వానిని తరువాతి అధ్యాయమునకు ఈడ్చుకొనిపోవును. ఆదివారమునాడు అబిడ్స్ కాలిబాటపై పాతపుస్తకముల దొంతరలో నాకు దొరకిన ప్రతిలో, పూర్వపు యజమాని ఎవరో గాని ప్రతి పేరా ప్రక్కన సీసపుకలముతో చిన్న గీత పెట్టుచు వచ్చి, అరచేత దాచు అధ్యాయము నడుమ నిలిపివేసెను. సరిగా అచ్చటనే నిలిచిపోవువారు హెచ్చు, ఏలయన వ్రేళ్లకు కాక ధైర్యమునకు పరీక్ష వచ్చు మొదటి తావు అది.

ఆ గ్రంథమందే హిందూ షఫుల్ అను పేరుతో ఒక అధ్యాయమున్నది. పేకను ఒక చేత పట్టుకొని, పైనుండి చిన్న చిన్న కట్టలుగా రెండవ చేతి అరచేతిలోనికి లాగికొను ఆ పద్ధతి మనకు క్రొత్త కాదు. పెండ్లివారి విడిదింట చాపపై కూర్చుండి రమ్మీ ఆడు మన పెద్దలు కలుపునది అట్లే. పాశ్చాత్య రచయితలు దానిలో గమనించిన సూక్ష్మమేమనగా, పైకట్టలు ఎన్ని జారిపోయినను, చేత మిగిలిన దొంతరకు అడుగుముక్క మారదు. ఎదుటివాడు ఎచ్చట ఆపుమన్నను అచ్చట ఆపి, ఆ దొంతరను ఎత్తి చూపినచో, మొదటినుండి మనమెరిగిన ముక్కయే వానికి కనబడును. మన తాతలు దినమంతయు చేసిన చేష్టలో ఇంత యుక్తి దాగియున్నదని నేను తెలిసికొనినది ఒక ఆస్ట్రేలియావాని పుస్తకమున!

నేడు ఈ విద్యనంతయు చరవాణి తెరపై చూచి నేర్చుకొనవచ్చును. అట్లు నేర్చుకొనుచున్న బాలుర వేగము నిజముగా ఆశ్చర్యకరము. కాని వారిలో పదిమందిని వరుసగా చూచినచో ఆ పదిమంది చేతులును ఒక్కరి చేతులే. చూచి నేర్చినవాడు చూపినవాని భుజముల కదలికను, చిరునవ్వును సహితము అనుకరించును. చదివి నేర్చినవానికి అనుకరించుటకు ఎదుట మనిషి లేడు, వాక్యము మాత్రమున్నది. ఆ వాక్యమును తన అరచేతి వెడల్పునకు, తన వ్రేళ్ల పొడవునకు తానే అన్వయించుకొనవలెను.

అర్జెంటీనా దేశపు రెనే లావాండ్ తొమ్మిదేండ్ల వయస్సున ప్రమాదమున కుడిచేయి కోల్పోయెను. ఉన్న పుస్తకములన్నియు రెండు చేతులవారి కొరకు వ్రాసినవే. ప్రతి హస్తక్రియను ఎడమచేతి అయిదు వ్రేళ్లకు తానే మార్చి వ్రాసికొనవలసివచ్చిన అతడు, వేగమునకు పూర్తిగా విముఖుడై, నెమ్మదితనమునే తన కళకు ప్రాణముగా చేసికొని, 2015లో మరణించువరకును ప్రపంచమంతట ప్రదర్శనములిచ్చెను. చూచి అనుకరించుటకు అతనికి ఒంటిచేతి గురువెవ్వడు? పుస్తకములోని రెండుచేతుల వర్ణనమునుండి ఏది కదలికకు మూలమో, ఏది అలంకారమో వేరుచేసి చూచుటయే అతని సాధన.

వ్రేళ్లను దాటి పోవు గ్రంథములును కలవు. మాడ్రిడ్ నగరపు హువాన్ తమారీజ్ వ్రాసిన ‘నెమోనికా’ 52 ముక్కల వరుసను ధారణలో నిలుపుకొనుటపై నిర్మింపబడినది. ఎన్నవ స్థానమున ఏ ముక్క, ఏ ముక్క ఎన్నవ స్థానమున అని అడిగినంతనే తడుముకొనకుండ చెప్పవలెను. అష్టావధానమున అప్పగింతల సమయమును ఎరిగిన తెలుగువానికి ఈ సాధన స్వరూపము వెంటనే బోధపడును. మరొకవైపు పెర్సీ డయకోనిస్ పదునాలుగేండ్ల వయస్సున ఇల్లు విడిచి వెర్ననుతో ఊరూర తిరిగి, సంభావ్యతపై ఫెల్లర్ వ్రాసిన గణితగ్రంథము కొని, అది తనకు అర్థము కాకపోవుటచేత దానికొరకే మరల చదువులో చేరి, తుదకు పేరుమోసిన గణితాచార్యుడయ్యెను. పేకను రెండు భాగములుగా కోసి అంచులు ఒకదానిలో ఒకటి దూర్చి కలుపు పద్ధతిలో, ముక్కలు బాగుగా కలియుటకు ఏడుసార్లు కావలెనని డేవ్ బేయరుతో కూడి ఆయన 1992లో నిరూపించెను. ముక్క విడిచి ముక్కగా, పై ముక్క పైననే యుండునట్లు ఎనిమిదిసార్లు పొరపాటులేక కలిపినచో మాత్రము పేక తొలి వరుసకే తిరిగివచ్చును. రాన్ గ్రాహముతో కలిసి ఆయన వ్రాసిన ‘మాజికల్ మాథమాటిక్స్’ మన కళాశాలల గ్రంథాలయములలో నుండదగినది; గణితమన్న భయపడు విద్యార్థికి ఒక పేకను, ఆ పుస్తకమును ఇచ్చి చూడుడు.

ఎర్డ్నేస్ గ్రంథమునకు ఇపుడు హక్కుల బంధములేవియు లేవు, ఎవరైనను తెనిగింపవచ్చును. ఆ పని ఎవరైన పూనుకొనవలెనని నాకు బలమైన కోరిక కలదు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు, చిటికెనవ్రేలు, కణుపు, గోరు, మణికట్టు — కావలసిన మాటలన్నియు మనవద్ద నున్నవి; పేకకు కోత, కలుపు, పంపకము, తురుపు అను మాటలు ప్రతి యింటను వాడుకలో నున్నవి. అనువాదకుడు పండితుడు కానక్కరలేదు. ప్రతి పేరాను ముందు చేతులతో చేసి చూచి, ఆ మీద వ్రాయువాడై యుండవలెను. వ్రాసినదానిని ఆంగ్లమెరుగని పదునైదేండ్ల పిల్లవానికిచ్చి, వాని చేతిలో ఇస్పేటు రాణి పైకి వచ్చినదో లేదో చూచి, రానిచో ఆ పేరాను మరల వ్రాయవలెను. ఆ 101 చిత్రములను ఉన్నవి ఉన్నట్లే వేసికొనవచ్చును.